ఏడో నంబరు బురద

థర్మాకోల్ పెట్టె మూత తీయగానే
హన్మకొండలకు సముద్రం వాసనొచ్చింది.
మే నెల. బయట నలభై నాలుగు.
కొరియర్ పిల్లగాడు సంతకం పెట్టించుకొని
ముక్కు మూసుకొని మెట్లు దిగిండు.

పన్నెండు కవర్లు. ఒక్కోదాంట్లో గుప్పెడు బురద.
మడచెట్ల అంచుదో, రేవు కాడిదో,
ఊరి పేర్లు ఐసునీళ్లకు కరిగి
అంకెలే మిగిలినయ్.

ఓదేలు కవరు కవరూ ఎత్తి వాసన చూసిండు.
పద్దెనిమిదేండ్లుగ ఈ ల్యాబుల గాజుసామాను కడిగేటోడు,
అంతకుముందు చెరువుల వల విసిరినోడు.
"గోదారి మోసుకపోయిన మన మన్నే గావచ్చు మేడం,
ధర్మపురి కాడ మునిగినోళ్ల పాపం గూడ ఉంటది ఇండ్ల"
అని నవ్విండు.
ఏడో కవరు కాడ నవ్వలేదు.

ఎండబెట్టిన. జల్లించిన.
ద్రావకంలో నానబెట్టి సారం తీసిన.
చారు కాచినంత ఓపిక కావాలె దీనికి,
రుచి చూసేది మాత్రం నేను కాదు.

నేను పుట్టకముందే ఎక్కడో చచ్చిన ఒక చేప,
దాని మొప్పల్లోంచి తీసిన కణాలు, అవి చూస్తయ్ రుచి.
చేప పోయింది. మొప్ప ఆగలేదు.
సీసా అడుగున ఒకటి రెండై, రెండు నాలుగై
ఊపిరి అందుతదనే నమ్మకంతో పెరుగుతనే ఉన్నది.
ఇరవై డిగ్రీల చల్లదనం కావాలె వాటికి.
ఎండాకాలం తెలువకుండ ఈ ఊళ్లె బతికేది అవే.

కింది అంతస్తుల పెద్ద యంత్రమున్నది.
బురదనిస్తే పేర్లు చదువుతది:
సీసమింత, పాదరసమింత, నాలిక తిరగని నూనెమురికి ఇంత.
అడిగిన పేర్లే చెప్తది.
కణానికి పేర్లు రావు.
నొస్తే నొచ్చిందంటది.
ఓదేలు నాయిన కూడా అంతేనట,
తెల్లారగట్ల కట్ట మీద కూసొని
బొమ్మెలు పైకొచ్చి నోళ్లు తెరిచే తీరు చూసి
చెరువు ఎట్లున్నదో చెప్పేటోడట.

అరచేయంత పలక, తొంభై ఆరు గుంటలు.
గుంటకో చుక్క బురద సారం,
మీద నీలిరంగు మందు.
బతికున్న కణం ఆ నీలాన్ని తాగి గులాబీ చేస్తది.
పానం పోయినకాడ నీలం నీలంగనే నిలబడుతది.

రాత్రి పదకొండుకు గాలిదుమారం. కరెంటు పోయింది.
ఇన్వర్టర్ గంటన్నర మూలిగి ఊకున్నది.
డబ్బా లోపలి అంకె ఎక్కుతున్నది:
ఇరవై మూడు, ఇరవై ఆరు.
తలుపు తెరవద్దు. చేతులు కట్టుకొని నిలబడ్డ,
ఐసీయూ బయట నిలబడ్డట్టు.
ఓదేలు బండి తీసి వానలకు పోయిండు.
చేపల మార్కెట్ల షెట్టరు కొట్టి,
ఎవర్నో లేపి, ఎవరికో బాకీ చెప్పి
గోనెసంచిల ఐసుగడ్డ తెచ్చిండు.
దానికి పొలుసు ఒకటి అంటుకొని మెరుస్తున్నది.
చచ్చిన చేపలకు పరిచే ఐసును
బతికున్న మొప్పల చుట్టూ పేర్చినం.

తెల్లారి చూస్తే
ఏమీ కలపని వరుస గులాబీ. హమ్మయ్య.
రెండోది, మూడోది కూడా గులాబీయే, కొంచెం మసక.
ఏడో నంబరు
ఎనిమిది గుంటలకు ఎనిమిది నీలం.
మంచి నీలం.
పిల్లలు డ్రాయింగు పుస్తకంలో
సముద్రానికి వేసే నీలం.

మళ్ల చేసిన. మళ్ల అదే.
రిపోర్టుల ఒక అంకె రాసిన, చుక్క పెట్టి ఇంకో రెండు.
"అక్కడ ఎవరన్న వల ఏస్తరా మేడం?"
అనడిగిండు ఓదేలు.
ఆ కాగితంల దానికి గడి లేదు.

కరిగిన ఐసునీళ్లు బకెట్ల పట్టుకపోయి
గేటు పక్కన వేపమొక్కకు పోసిండు.
ఏడో నంబరు గిన్నె కడిగిన నీళ్లతోని
మోరీ దాకా పోయి, ఆగి,
ఎన్కకు తిరిగి నా మొహం చూసిండు.